కొలత మిషనులో తొలి వాయి

నా జీవితంలో నేను చాలా వస్తువులు పాడుచేశాను. చెల్లెలి పెళ్లిలో మైకు సెట్టు కాల్చేశాను. మేనమామ కొత్త స్కూటరును కాలవలో దింపాను. అవన్నీ ఒక ఎత్తు. ఒక్క తూటా కూడా పేలకుండానే, ఒక అరబ్బు పెద్దమనిషి పరువునూ మా క్లబ్బు పరువునూ నా పెళ్లాం దుబాయ్ ప్రయాణాన్నీ ఒకే మధ్యాహ్నం గాల్లో వేలాడదీసిన ఘనత ఇంకో ఎత్తు. అది 2005లో, అజ్మాన్ అవతలి ఇసకలో జరిగింది. ఆ రోజు అక్కడున్న అందరూ నవ్వారు, నేను తప్ప. కాబట్టి మీరు మొహమాటపడకుండా నవ్వండి. ఈసారి నేనూ మీతోపాటే నవ్వుతాను.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి, లేకపోతే నన్ను ఏ ముఠా మనిషో అనుకుంటారు. అది ధనవంతులు శుక్రవారాలు వచ్చి ఆడుకునే తుపాకీ క్లబ్బు. మట్టి పళ్లేలను గాల్లోకి ఎగరేస్తారు, వీళ్లు తుపాకీతో కొడతారు. పళ్లెం పగిలితే చప్పట్లు, పగలకపోతే గాలి మీద నేరం. వాళ్లు పేల్చి పడేసిన ప్లాస్టిక్ తూటా గొట్టాలను ఏరి తెచ్చి, మళ్లీ మందూ సీసం గుళ్లూ నింపి, మూతి మడిచి కొత్తవాటిలా చేసే గది ఒకటుండేది. ఆ గదిలో నా పని. పోలీసుల అనుమతి కాగితం అద్దం ఫ్రేములో గోడకు వేలాడేది. తుపాకిమందు ఇనుప బీరువాలో, బీరువా తాళంచెవి మా ముదీర్ నడుముకు ఉండేవి. ముదీర్ అంటే మేనేజరు. లెబనాన్ మనిషి, నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ నలగని చొక్కా. గల్ఫులో అందరూ మాట్లాడే ఆ కలగూరగంప హిందీ ఆయనకూ వచ్చు, నాకూ వచ్చు కాబట్టి మా సంసారం సాగిపోయేది.

చేసేది ఇంత సూక్ష్మమైన పని అయినా నా వీసాలో వృత్తి అన్నచోట "క్లీనర్" అని ఉండేది. ఇది చిన్న విషయం అనుకోకండి. క్లీనరుగా ఉన్నంతకాలం నా వీసా మీద పెళ్లాన్ని తెచ్చుకోవడం కుదరదు. టెక్నీషియన్ అని మారితే కుదురుతుందని మా క్లబ్బు కాగితాలు చూసే మందూబ్ చెప్పాడు. ఆ ఒక్క మాట కోసం నేను ముదీర్ చుట్టూ ఏడాదిగా తిరుగుతున్నాను. ప్రొద్దుటూరులో మా పద్మ పాస్‌పోర్టు తీసుకుని, పెట్టె సర్దుకుని కూర్చుంది. ఫోను చేసినప్పుడల్లా ఇదే వరస.

"మార్చినారా?"

"మారుస్తారులే."

"పోయిన ఉగాదికి గూడా అదే మాట చెప్తివి. పెట్టె సర్దుకోని నాలుగు నెల్లయింది. వీధిలోకి పోతే చాలు, 'ఇంగా పోలేదా పద్మా' అని అడగతాండారు ఆడోళ్లు. కట్టుకునే చీరలన్నీ పెట్టెలోనే ఉండాయి. బయట ఉండే రెండూ వెలిసిపాయె."

"ఇంకో రెండు తీసుకో పెట్టెలోంచి."

"తీస్తే మళ్లీ నువ్వు పిలవవని నా భయం!"

ఆ మాటకు నాకు నవ్వొచ్చేది, ఫోను పెట్టేశాక ఏడుపొచ్చేది. పెళ్లయిన రెండేళ్లలో మేం కలిసున్నది పట్టుమని యాభై రోజులు కూడా లేదు.

అలాంటి రోజుల్లో ఒక బుధవారం మా గదికి పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో కొలత మిషను. అంతవరకూ మేం మందును చిన్న ఇత్తడి గరిటెతో కొలిచి పోసేవాళ్లం. ఈ మిషనుకు పైన పొడుగ్గా మసకరంగు ప్లాస్టిక్ తొట్టి, మధ్యలో తిరిగే ఇత్తడి డ్రమ్ము, పక్కన పిడి. పిడి ఒకసారి పైకెత్తి దింపితే సరిగ్గా ఒక తూటాకు కావలసినంత మందు కిందికి జారుతుందట. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం మా నాన్న పిండిమరకు పుట్టిన పిల్లలా ఉంది.

ముదీర్ వేలు చూపించి మరీ చెప్పాడు. "రేపు దీన్ని బల్లకు బిగించు. తిప్పి చూడు. మందు మాత్రం వెయ్యొద్దు. శుక్రవారం పొద్దున నేనొచ్చి, పుస్తకం చదివి, నా కళ్లముందు వేద్దాం. మధ్యాహ్నం అర్బాబ్ వస్తున్నాడు. ఇది బాగా నడిస్తే నీ టెక్నీషియన్ సంగతి ఆయనతో నేనే మాట్లాడతా. సమజ్?"

"సమజ్, ముదీర్!"

అర్బాబ్ అంటే క్లబ్బు యజమాని. డెబ్బై ఏళ్ల పెద్దాయన, తెల్లటి పొడుగు అంగీ, చేతిలో జపమాలలాంటి తస్బీ. ఆయన ఒక్కమాట చెబితే మందూబ్ పరుగెత్తి పని చేయిస్తాడు. అంటే నా పద్మ చీరలు ఆ పెట్టెలోంచి బయటికి రావడం ఈ ఇత్తడి డ్రమ్ము చేతిలో ఉందన్నమాట.

ఇక్కడే నాలోని పిండిమర వంశం మేలుకుంది.

మా నాన్నకు ప్రొద్దుటూరులో పిండిమర. నేను నడక నేర్చింది ఆ పిండిలోనే. మరకు కొత్త రాయి వేసినా, కొత్త భాగం బిగించినా మా నాన్నకు ఒక నియమం ఉండేది. గిరాకీ గింజ ముందు వేయకూడదు, ఇంటి గింజ ఆడించాలి. ఆ తొలి వాయిని ఎవరికీ అమ్మకూడదు. గిన్నెలో పోసి దేవుడి పటం ముందు మూడు రోజులు పెట్టాలి. అప్పుడే మర మాట వింటుందనేవాడు. ఒకసారి నియమం తప్పి కోమట్ల ఇంటి శనగలు నేరుగా వేస్తే, రాయి పొడి కలిసిన శనగపిండితో వాళ్లింట్లో బజ్జీలు చేసుకున్నారు. వాళ్ల తాతగారి కట్టుడు పన్ను విరిగింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ నియమం దాటినవాడు లేడు. నేను సముద్రం దాటాను గానీ ఆ నియమం దాటలేదు.

మీరే చెప్పండి, అంత సున్నితమైన మిషనులో తొలి వాయిగా ఏకంగా తుపాకిమందు వేయడం ఏం మర్యాద? ముదీర్ మందు వద్దన్నాడు గానీ ఇంకేదీ వద్దనలేదు కదా!

ఆ సాయంత్రమే అజ్మాన్‌లో మా గది కింద ఉన్న మలయాళీ కొట్టుకు వెళ్లాను. చక్కెర వేళ్ల మధ్య నలిపి చూశాను, అంటుకుంటోంది. ఉప్పు చూశాను, చెమ్మగా ఉంది. రాగులు చూశాను, మరీ దొర్లుతున్నాయి. కొట్టువాడు చాలాసేపు ఓపికపట్టి, చివరికి హిందీలో అడిగాడు.

"ఏం వండాలి నీకు?"

"వండడానికి కాదు. గరగరలాడాలి, సన్నగా ఉండాలి, గొట్టంలో ఆగకుండా జారాలి."

అతను నన్ను ఎగాదిగా చూసి బొంబాయి రవ్వ పొట్లం చేతిలో పెట్టాడు. చిటికెడు తీసి నలిపాను. సరిగ్గా అదే! మందు గింజకు దీనికి రంగు తప్ప తేడా లేదనిపించింది.

గదిలో నాతోపాటు ఉండేది మస్తాన్ భాయ్. నెల్లూరు మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. క్లబ్బులోనే పని. గదిలోంచి తూటాల పెట్టెలు ఆట జరిగేచోటికి మోసుకెళ్లడం, పళ్లేలు ఎగరేసే యంత్రం చూసుకోవడం అతని వంతు. నేను స్టవ్ మీద రవ్వ వేయిస్తుంటే ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చాడు.

"ఏంది రమణా, ఉప్మానా? ఉల్లిగడ్డలు తరిగేదా?"

"ఉప్మా కాదు భాయ్, కొత్త మిషన్‌లో పోసి చూసేదానికి."

"మిషన్‌కి పోసేదానికి ఏంచేది ఎందుకబ్బా? అదేమన్నా రుచి చూస్తాదా?"

"పచ్చి రవ్వ ఈ చెమ్మ గాలికి ముద్ద కడతాది భాయ్. ఏంచితే పొడిగా జారతాది."

మస్తాన్ భాయ్ బాణలిలోకి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూసి, "ఆకలిగా ఉండే మనిషి ముందర నెయ్యేసి రవ్వ ఏంచి, దాన్ని ఇనుముకి పెట్టే మొగోణ్ణి నిన్నే చూస్తన్నా" అని రొట్టె కొనుక్కోవడానికి వెళ్లిపోయాడు. అవును, చెంచాడు నెయ్యి కూడా వేశాను. మా అమ్మ రవ్వ వేయించేటప్పుడు వేసేది. చెయ్యి దానంతటదే వేసింది, ఏం చేయను? పేపరు మీద ఒత్తి ఆరబెట్టాననుకోండి.

గురువారం మిషను బల్లకు బిగించి, చిన్న పసుపుబొట్టు పెట్టాను. అగరొత్తి వెలిగించలేదు. నాకు బుద్ధి తక్కువే గానీ మరీ అంత తక్కువ కాదు. మందుగదిలో అగరొత్తి వెలిగించినవాడు దాని గురించి నవ్వుతూ రాసుకోవడానికి మిగలడు.

తొట్టిలో రవ్వ పోసి పిడి ఎత్తి దింపాను. సర్రున జారింది. త్రాసులో వేశాను. ఇంకోసారి దింపి మళ్లీ వేశాను. అదే తూకం. పదిసార్లు చూస్తే పదిసార్లూ అంతే. మా నాన్న ఉంటే దానికి దండ వేసేవాడు. అక్కడితో ఆగి, రవ్వ ఊడ్చేసి ఇంటికి పోతే ఈ కథ లేదు. కానీ నాకు ఉత్సాహం ఆగలేదు. పూర్తి తూటా చేసి చూడకపోతే మిషను సంగతి ఏం తెలుస్తుంది? గొట్టం పెట్టాను. అడుగున నిప్పు పుట్టించే బిళ్ల బిగించాను. మందు పోయాల్సినచోట రవ్వ పోశాను. దానిపైన ప్లాస్టిక్ బిరడా, సీసం గుళ్లు వేసి మూతి మడిచాను. ఒకటి చేస్తే ముద్దొచ్చింది. అలా ఇరవై ఐదు చేశాను, ఎర్ర అట్టపెట్టె నిండా. చూడటానికి అసలు తూటాకు, దీనికి తేడా కనిపెట్టాలంటే విప్పి వాసన చూడాలి.

ఇది తొలి వాయి కదా! గదిలో చెక్క అలమారా పై అరలో, ముందువైపు పక్కచెక్కకు నేను అంటించుకున్న వేంకటేశ్వరస్వామి చిన్న పటం ఉండేది. పెట్టెను సరిగ్గా దాని ముందు పెట్టి దండం పెట్టుకున్నాను. మూడు రోజులు అక్కడే ఉండాలని మనసులో అనుకున్నాను. ఆ అరలోంచే మస్తాన్ భాయ్ పెట్టెలు తీసుకెళ్తాడనీ, ఎప్పుడూ ముందున్నదే తీస్తాడనీ నాకు తెలియదా? తెలుసు. రోజూ చూసేదే. కానీ దండం పెట్టేటప్పుడు నేను క్లబ్బులో లేను, ప్రొద్దుటూరులో ఉన్నాను.

శుక్రవారం పొద్దున ముదీర్ వచ్చాడు. మిషనును బ్రష్షుతో శుభ్రంగా తుడిచిపెట్టాను కాబట్టి ఒక్క రవ్వ గింజ కూడా ఆయన కంటపడలేదు. పుస్తకం చదివాడు, తాళం తీసి మందు తెచ్చాడు, తానే దగ్గరుండి తూకం చూసుకున్నాడు. ఇద్దరం కలిసి నాలుగు పెట్టెలు చేశాం. కొత్త మిషను గడియారంలా నడిచింది.

"ఇంత తొందరగా చెయ్యి ఎలా కుదిరింది నీకు?" అన్నాడు ముదీర్ ఆశ్చర్యంగా.

"మాది మిషన్ల వంశం, ముదీర్."

ఆయన నా భుజం తట్టి, "శాబాష్, టెక్నీషియన్!" అన్నాడు. ఆ మాట విన్నాక నేను నేలమీద నడవలేదు. నాలుగు అసలు పెట్టెలనూ తీసుకెళ్లి దేవుడి ముందున్న పెట్టె వెనకాల వరసగా పేర్చాను. ముందున్నదాన్ని తీసి పక్కన పెట్టాలని ఒక్క క్షణం అనిపించింది. మూడు రోజులు కాకముందే కదిలిస్తే మిషను మాట వినదేమో, అందులోనూ ఇవాళే నా సంగతి తేలే రోజు అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అంతకుమించిన తెలివి ఆ వయసులో నా దగ్గర లేదు.

మధ్యాహ్నం అర్బాబ్ వచ్చాడు. వెంట అల్ ఐన్ నుంచి వచ్చిన చుట్టం. బావమరిది వరస. కొనుక్కొచ్చిన మెరిసే తూటాల పెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. వాళ్లిద్దరికీ ఎప్పట్నుంచో పోటీ. ముదీర్ నాకు ఉతికిన చొక్కా వేయించి, ఆట జరిగేచోట పక్కన నిలబెట్టాడు. మస్తాన్ భాయ్ ఎర్ర పెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు.

"అర్బాబ్, ఇవి కొత్త మిషనులో చేసినవి. ఇదిగో, ఈ అబ్బాయే చేశాడు" అన్నాడు ముదీర్.

అర్బాబ్ నావైపు చూసి నవ్వి, చుట్టంతో అన్నాడు. "నువ్వు కొన్న తూటాలతో కొట్టు. నేను నా మనిషి చేసిన తూటాలతో కొడతా. చూద్దాం ఎవరు గెలుస్తారో."

నా మనిషి అన్నాడు! నాకు కళ్లు చెమర్చాయి. పద్మ విమానం దిగుతున్నట్టు కూడా కనబడింది.

"యల్లా!" అన్నాడు అర్బాబ్. పళ్లెం గాల్లోకి లేచింది. ఆయన గురిచూసి మీట నొక్కాడు.

"టప్."

సోడా సీసా మూత తీసినట్టు, అంతే. పళ్లెం తన దారిన తాను పోయి ఇసకలో కూర్చుంది. తుపాకీ గొట్టం చివరి నుంచి బిరడా జారింది, దాని వెనకే సీసం గుళ్లు బొటబొటా రాలి అర్బాబ్ చెప్పు మీద పడ్డాయి. ఆయన కిందికి చూశాడు. చుట్టం కిందికి చూశాడు. ముదీర్ నావైపు చూశాడు.

"ఒకటి అలా అవుతుంది అర్బాబ్, ఒకటి!" అంటూ ముదీర్ తుపాకీ తీసుకుని, విప్పి, గొట్టంలోంచి వెలుతురు చూసి తిరిగిచ్చాడు.

రెండోది పెట్టారు. "టప్." ఈసారి గుళ్లు కాస్త ముందుకు పడ్డాయి.

"నీ తుపాకీకి జలుబు చేసిందా ఏంటి?" అన్నాడు చుట్టం. వెనకాల నిలబడ్డ డ్రైవర్లు కూడా నవ్వారు. అర్బాబ్ చెవులు ఎర్రబడ్డాయి. ముదీర్ మళ్లీ గొట్టం చూసి ఇచ్చాడు.

అప్పుడు మస్తాన్ భాయ్ నా చెవి దగ్గరికి వంగాడు.

"రమణా, నెయ్యి వాసన వస్తా ఉంది."

"ఎవరో వండుకుంటాంటారు భాయ్."

"ఈ ఎడారిలో ఎవురు వండుకుంటారబ్బా? మాడిన రవ్వ వాసన. నీ రవ్వ వాసనే."

నేను బల్లమీది పెట్టె వైపు చూశాను. "భాయ్, ఈ పెట్టె యాడ తీసినావు?"

"యాడ తీసేది, రోజూ తీసే కాడే. మీ సామి ముందర."

ఇంతలో మూడోది కూడా "టప్" మంది. ఈసారి మాత్రం గొట్టం చివరి నుంచి ఏమీ జారిపడలేదు. బిరడా లేదు, గుళ్లు లేవు, పొగ మాత్రం వచ్చింది. ముదీర్ అప్పటికే ఇంకో పెట్టె తెమ్మని కేకవేయడం, మస్తాన్ పరుగెత్తి తేవడం జరిగిపోయాయి. అది అసలు మందున్న పెట్టె. అర్బాబ్‌కు సహనం పోయింది. ముదీర్ చెయ్యి చాపినా తుపాకీ ఇవ్వకుండా, తానే కొత్త పెట్టెలోంచి ఒకటి తీసి లోపల పెట్టేశాడు.

ఆ పని చేసేవాడు ఎవడైనా తెలుసుకోవలసిన మొదటి విషయం, అడ్డుపడిన గొట్టంలో అసలు తూటా పేలిస్తే తుపాకీ చీలిపోతుంది. చీలితే ఆ పెద్దాయన చేతిలోనే చీలుతుంది. నేను నోరు మూసుకుని ఉండి, అదృష్టం బాగుండి అది చీలకపోతే, మందు చెడిందనో, మిషను చెడిందనో అనుకుని వదిలేస్తారు, టెక్నీషియన్ మాట ఇంకో నెలకు వాయిదా పడుతుంది, అంతే. నోరు తెరిస్తే అన్నీ ఖలాస్. అవన్నీ నేను ఆలోచించానని గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, అబద్ధం. నేనేమీ ఆలోచించలేదు. భయంతో నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆపరా రేయ్! ఆపు! చస్తావు!"

డెబ్బై ఏళ్ల మనిషిని, నా అన్నదాతని, అచ్చ తెలుగులో "రేయ్" అన్నాను. ఆ మాట అర్థమైంది మస్తాన్ భాయ్ ఒక్కడికే. అతను గట్టిగా కళ్లు మూసుకున్నాడు. మిగతావాళ్లకు అర్థం కాకపోయినా నా గొంతు అర్థమైంది. అర్బాబ్ వేలు మీట మీద నుంచి తీశాడు. ముదీర్ తుపాకీ లాక్కుని విప్పి, అసలు తూటా బయటికి తీసి, గొట్టంలోకి చూశాడు. మొహం తెల్లగా పాలిపోయింది. సన్నటి కడ్డీ పెట్టి వెనకనుంచి పొడిచాడు. ముందు బిరడా, తర్వాత గుళ్లు, వాటి వెనక బంగారు రంగులో వేగిన రవ్వ బల్లమీద కుప్పగా పడింది.

ముదీర్ వేలితో కాస్త తీసి చూశాడు. "ఇదేంటి?"

"సూజీ, ముదీర్."

"సూజీ?"

"సూజీ. రాత్రి... అంటే మొన్న... కొత్త మిషన్‌కి ముందు ఇంటి గింజ వేయాలి. మా నాన్న..."

"తూటాలో సూజీ పోశావా? యా అల్లా! అర్బాబ్ తుపాకీలో సూజీ!"

నాకు దుఃఖం ఆగలేదు. పిండిమర, శనగలు, తాతగారి పన్ను, దేవుడి పటం, మూడు రోజులు, పద్మ చీరలు అన్నీ కలిపి నా వంకర హిందీలో చెప్పేశాను. ఎందుకు చీరల దాకా పోయానో నాకే తెలియదు. ఏడుపు మొదలయ్యాక మనిషి ఒకచోట ఆగడు. చుట్టం కడుపు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ముదీర్ వేలు గేటు వైపు చూపించబోతున్నాడు. సగం లేచిన ఆ వేలు నాకిప్పటికీ కళ్లముందుంది.

అర్బాబ్ మాత్రం బల్లమీదికి వంగాడు. ఆ రవ్వ కాస్త అరచేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని ఇంకోసారి వాసన పీల్చాడు. తర్వాత చక్కటి బొంబాయి హిందీలో అన్నాడు. "ఇది ఉప్మా."

ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ఖర్జూరాల పడవలో బొంబాయి వెళ్లి, రేవు దగ్గర ఒక సత్రంలో నెలల తరబడి ఉండేవాడట. పొద్దున్నే ఆకులో వేడి ఉప్మా పెట్టేవారట. "యాభై ఏళ్లయింది ఈ వాసన చూసి. నీళ్లు పోయకుండానే ఇలా ఉంటే, పోస్తే ఎలా ఉంటుంది? ఇంకా ఉందా నీ దగ్గర?"

"సగం పొట్లం ఇక్కడే ఉంది, అర్బాబ్."

"అయితే పో, చెయ్యి."

ముదీర్ వేలు కిందికి దిగింది. నేను క్లబ్బులో టీ కాచుకునే వంటగదిలోకి పరుగెత్తాను. వెళ్లాక గుర్తొచ్చింది, నాకు రవ్వ వేయించడం వరకే వచ్చు, ఆ తర్వాత ఏం చేయాలో తెలియదు. మస్తాన్ భాయ్ వెనకాలే వచ్చి, ఉల్లిగడ్డలు తరిగాడు, నీళ్లు కొలిచాడు, నన్ను పక్కకు నెట్టి తనే కలిపాడు. "మొన్న నాకు పెట్టింటే ఇంత దూరం వచ్చేదా?" అని ఒక్కటే మాట అన్నాడు. అర్బాబ్ రెండు పళ్లేలు తిన్నాడు. ఆ రోజు పోటీలో చుట్టమే గెలిచాడు గానీ, ఉప్మా మాత్రం ఆయనదాకా రాలేదు.

తినడం అయ్యాక అర్బాబ్ మూతి తుడుచుకుని మందూబ్‌కు ఫోను చేయించాడు. "ఈ అబ్బాయి వృత్తి మార్చండి. భార్యను తెచ్చుకోనివ్వండి."

నేను ఆయన కాళ్లమీద పడబోతే ముదీర్ మెడ పట్టి ఆపాడు.

పాస్‌పోర్టు తిరిగొచ్చిన రోజు దాన్ని కళ్లకద్దుకుని విప్పాను. వృత్తి అన్నచోట టెక్నీషియన్ అని లేదు. మందూబ్‌ను పట్టుకుని అడిగాను. అతను విసుగ్గా చెప్పాడు. "ఇతను ఏం పని చేస్తాడని మీ ముదీర్‌ను అడిగా. ఇక మీదట మందు ముట్టుకోనివ్వను, వంటవాడు అని రాసుకో అన్నాడు. వట్టి వంటవాడంటే నీ పని జరగదు. అర్బాబ్ మాట పోకూడదు కదా. అందుకని హెడ్ కుక్ అని రాయించా."

క్లబ్బులో అప్పటిదాకా వంటవాడే లేడు. నాకు నేనే హెడ్డు, నాకు నేనే చేతికింది మనిషి. మస్తాన్ భాయ్ దగ్గర రోజుకొక వంట నేర్చుకుంటూ నెట్టుకొచ్చాను. ముదీర్ కోపం మాత్రం పులిహోర దగ్గర కరిగింది.

పద్మ వచ్చింది. అజ్మాన్‌లో చిన్న గది తీసుకున్నాం. పెట్టె విప్పి చీరలన్నీ మంచం మీద పరిచింది. ఒక్కొక్కటే దులిపి, మడతలు చూసుకుని మురిసిపోయింది. ఆ గది నిండా కలరా ఉండల వాసన. నాకంత సంతోషం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. మస్తాన్ భాయ్ మా ఇంటికి మొదటి భోజనానికి వచ్చి, ఊరుకోకుండా నా పాస్‌పోర్టు తీసి ఆమెకు చూపించాడు.

"చూడమ్మా, మీ ఆయన్ది ఎంత పెద్ద ఉద్యోగమో."

"టెక్నీషియనే గదన్నా?"

"కాదమ్మా. హెడ్ కుక్. మొత్తం కథ చెప్తా కూర్చో."

మొత్తం చెప్పాడు. నెయ్యి కూడా వదల్లేదు. పద్మ కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వి, పమిటతో తుడుచుకుని, వంటింటి వైపు వెళ్లబోయినదల్లా ఆగింది. పాస్‌పోర్టు మళ్లీ ఒకసారి చూసింది. మంచం మీద చీరలు జరిపి, కాళ్లు ముడుచుకుని స్థిరంగా కూర్చుంది.

"సర్కారోళ్లు ముద్రేసి నువ్వే వంటోడని రాసిచ్చినాక, నేను గరిటె పట్టుకుంటే తప్పు గదా? కొత్త దేశం. నాకెందుకప్పా కేసు?"

కాబట్టి, పాఠకులారా, అరేబియా ఎడారి సాక్షిగా, వేంకటేశ్వరస్వామి సాక్షిగా, ఆ కొలత మిషను సాక్షిగా నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఏ కొత్త యంత్రంలోనూ తినే పదార్థం వేయను. వేసినా నేతిలో వేయించను. వేయించినా తూటాలో నింపను. నింపినా దేవుడి ముందు పెట్టను. ఈ ప్రతిజ్ఞ మొదటిసారి చేసింది అదే వారం, వంటింట్లో, గరిటె చేత్తో పట్టుకుని, గంభీరంగా కళ్లు మూసుకుని.

"ఏంది ఆడ గొణుగుతాండావు?" అంది మంచం మీద నుంచి పద్మ. "తిరగమాత మాడతాంది, చూడు!"